కాగ్గెషాల్ ధాన్యపు కొట్టు: ఇంగ్లండ్ వెళ్లే మన జిల్లా పెద్దవాళ్లు తప్పక చూడాల్సిన చోటు

పిల్లల దగ్గరికి ఇంగ్లండ్ వెళ్లే మన శ్రీకాకుళం జిల్లా పెద్దవాళ్లందరూ ఇంచుమించు ఒకే చుట్టు తిరిగి వస్తారు. టవర్ బ్రిడ్జి, రాజుగారి ప్యాలెస్, థేమ్స్ ఒడ్డున పెద్ద చక్రం, వారాంతంలో ఒక గుడి. అవన్నీ చూడాల్సినవే, కాదనను. కానీ కళ్లాల్లో ఆడుకుంటూ పెరిగిన మనిషి అంత దూరం వెళ్లి, ఎసెక్స్‌లో కాగ్గెషాల్ అనే ఊరి ధాన్యపు కొట్టు చూడకుండా తిరిగి వచ్చేస్తే నాకు బాధగా ఉంటుంది. మనకి అర్థమైనంత బాగా అది లండన్‌లో పుట్టినవాళ్లకి కూడా అర్థం కాదని నా నమ్మకం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

దాన్ని గ్రేంజ్ బార్న్ అంటారు. సిస్టెర్షియన్ అనే శాఖకు చెందిన క్రైస్తవ సన్యాసులు తమ మఠం పంట దాచుకోవడానికి 13వ శతాబ్దంలో కట్టించుకున్నారు. 1237కీ 1269కీ మధ్య కట్టినట్టు లెక్క. మొత్తం ఓక్ చెక్క చట్రమే. యూరప్‌లో ఇప్పటికీ నిలబడి ఉన్న అతి పాత చెక్క కట్టడాల్లో ఇదొకటి. మనవైపు లెక్కలో చెప్పాలంటే, కోణార్క్ గుడి కట్టించిన గంగ వంశపు రాజు నరసింహదేవుడి కాలం. అక్కడ రాతితో సూర్యుడికి రథం చెక్కుతున్న రోజుల్లోనే ఇక్కడ చెక్కతో గోధుమలకి ఇల్లు కట్టారు.

నేను నరసన్నపేటలో రైస్ మిల్లులో గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ధాన్యం ఎక్కడ పెడితే నిలుస్తుంది, ఎక్కడ పెడితే పాడవుతుంది అన్నదే నా ఉద్యోగమంతా. మా అమ్మాయి కొల్చెస్టర్‌లో ఉంటుంది. అక్కడి నుంచి కాగ్గెషాల్ కారులో దగ్గరే. మేము వెళ్లింది ఆగస్టులో. దారంతా గోధుమ కోతలే. పొలాల్లో పెద్ద మిషన్లు తిరుగుతున్నాయి, కోసిన చోట గడ్డి చుట్టలు పడి ఉన్నాయి. ఆకాశం మాత్రం మబ్బుగా ఉంది, మధ్యలో జల్లు కూడా పడింది. కోతల రోజున వాన చూస్తే నాకు ఏ దేశంలోనైనా టెన్షనే. మా ఆవిడ, "మనవి కాదు కదండీ, ఊరుకోండి" అంది.

బయటి నుంచి చూస్తే గోడల కన్నా కప్పే ఎక్కువ కనిపిస్తుంది. ఎర్ర మట్టి పెంకులు, మన గూన పెంకులు కావు, బల్లపరుపుగా ఉండే చిన్న పలకలు. కప్పు నాలుగు వైపులా కిందికి దిగి వస్తుంది. గోడలకి అడ్డంగా చెక్క పలకలు కొట్టారు. పొడవు సుమారు 36 మీటర్లు, వెడల్పు 14, ఎత్తు 11. మన అడుగుల్లో 120, 45, 35 అనుకోండి. ఒక మాదిరి మిల్లు గోడౌనంత. బయట నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లని కూడా చూశాను. వాళ్లు అసలు చూడాల్సింది చూడలేదు.

లోపలికి అడుగుపెట్టగానే మా ఆవిడ ఆగిపోయింది. "ఏటండీ ఇది, కొట్టా, కోవెలా?" అని అడిగింది. ఆ ప్రశ్నకి అక్కడున్న వాలంటీరు చాలా సంతోషించాడు. మా అల్లుడు ఇంగ్లీషులో చెప్పగానే, అందరూ ఇదే అడుగుతారనీ, అది నిజంగానే చర్చి నమూనాయేననీ అన్నాడు. మధ్యలో పొడవునా ఖాళీ, ఇటూ అటూ రెండు వరసల స్తంభాలు, స్తంభాలకి అవతల రెండు పక్కలా తక్కువ ఎత్తు వసారాలు. ఎత్తైన, వెడల్పాటి కప్పు మోయించడానికి బాగా పనికొచ్చే పద్ధతి కాబట్టి దేవుడికైనా ధాన్యానికైనా దీన్ని వాడారు.

చూపు కాస్త అలవాటు పడాలి. కిటికీలు లేవు కదా, ముందు అంతా చీకటిగా ఉంటుంది. పెద్ద తలుపుల్లోంచి వచ్చే వెలుగే వెలుగు. రెండు మూడు నిమిషాలు ఒకచోట ఊరికే నిలబడండి. అప్పుడు ఒక్కొక్కటే కనబడతాయి. ముందు స్తంభాలు, తర్వాత వాటి తలల్ని కలిపే దూలాలు, దూలం నుంచి స్తంభానికి ఏటవాలుగా దిగిన ఊతకర్రలు, వాటి పైన వాసాలు, అన్నిటికన్నా పైన వెన్ను కింద మళ్లీ ఒక చిన్న స్తంభాల వరస. పైనున్న ఈ కప్పు పనితనం 14వ శతాబ్దంలో మార్చి కట్టిందట. కింద చట్రం ఒక తరానిది, పైన కప్పు మరో తరానిది. నేను కింద స్తంభాల దగ్గరే ఎక్కువసేపు ఉండిపోయాను.

ఆ స్తంభం మీద చెయ్యి పెట్టి చూడండి. నునుపుగా ఉండదు. గొడ్డలితో, బాడిసతో చెక్కిన దెబ్బలు వేళ్లకి తగులుతాయి. నిలువునా వేలు దూరేంత పగుళ్లు ఉంటాయి. నేను మొదట అది పాడైపోయిందేమో అనుకుని కంగారుపడ్డాను. వాలంటీరు నవ్వి, అవి కట్టిన కొద్ది ఏళ్లకే వచ్చిన పగుళ్లు, వాటివల్ల బలం తగ్గదు అన్నాడు. ఈ పగుళ్ల సంగతి తర్వాత చెప్తాను, ఎందుకంటే మా ఊరి వడ్రంగి బావ దాన్ని పట్టుకుని నన్ను ఒక సాయంత్రమంతా వదల్లేదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది నూర్పిడి చోటు. కొట్టుకి పొడవు వైపున బండి దూరేంత పెద్ద తలుపులున్నాయి. ఇలాంటి కొట్లలో పొలం నుంచి వచ్చిన బండి నేరుగా లోపలికి వచ్చి, పనల్ని రెండు పక్కలా ఉన్న ఖాళీల్లోకి దించుతుంది. అంటే వాళ్లు ఇక్కడ దాచింది గింజల్ని కాదు, వెన్నులతో ఉన్న పనల్నే. నేల నుంచి దూలాల దాకా పనలే పేర్చేవాళ్లు. తర్వాత చలికాలమంతా, బయట పొలంలో పని లేని రోజుల్లో, తలుపుల మధ్య చదును చేసిన నేల మీద కొంచెం కొంచెంగా నూర్చుకునేవాళ్లు. రెండు కర్రల్ని తోలుతో కలిపిన పనిముట్టు ఒకటుంది, పొడవాటి కర్ర చేత్తో పట్టుకుని పొట్టి కర్రతో వెన్నుల మీద కొడతారు. తూర్పారబట్టడానికి ఎదురెదురు తలుపులు రెండూ తెరిస్తే గాలి అడ్డంగా వీస్తుంది. పొల్లు కొట్టుకుపోతుంది, గింజ కింద పడుతుంది.

ఇది వినగానే నాకు మా నాన్న కళ్లం గుర్తొచ్చింది. మనం గాలి ఎటు నుంచి వస్తే అటు తిరిగి చేట ఎత్తుతాం. గాలి లేకపోతే ఆగుతాం. ఒక్కోసారి రాత్రి గాలి లేచేదాకా కళ్లంలోనే పడుకుని చూసేవాళ్లు. వాళ్లు గాలిని తలుపుల మధ్యకి రప్పించుకున్నారు. పని అదే, చేట అదే, పొల్లు అదే. మా ఆవిడ కూడా, "మనం సంక్రాంతి ముందు చేసే పని వీళ్లు ఇంట్లో కూర్చుని చేసేవాళ్లన్నమాట" అంది.

అసలు ఇంత పెద్ద కప్పు ఎందుకు కావాల్సి వచ్చిందో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. మన వరి కోత కార్తీకం దాటాక, వానలు వెనకబట్టాక. పనల్ని కుప్ప వేసి, పైన గడ్డి కప్పి, కళ్లంలోనే వదిలేయొచ్చు. నూర్చాక ధాన్యాన్ని గడ్డి వెంటితో చుట్టిన పురిలోనో గాదెలోనో పోసుకుంటే చాలు. వాళ్లకి కోత ఆగస్టులో, ఎప్పుడు పడితే అప్పుడు వాన. కుప్పని బయట నమ్మి వదల్లేరు. అందుకని కుప్పకే ఇల్లు కట్టారు.

మనకీ ఆ కప్పు ఉంటే బాగుండునని అనిపించే ఏళ్లు ఎన్నో ఉన్నాయి. డిసెంబర్‌లో బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే వంశధార ఆయకట్టు రైతుకి గుండె జారిపోతుంది. కుప్పల్లోకి నీళ్లు దిగి, విప్పి చూస్తే తెల్లగా మొలకలు. ఆ ధాన్యం మిల్లుకి వచ్చినప్పుడు నేనే తేమ చూసేవాణ్ణి. సర్కారు కొనుగోలుకి తేమ 17 శాతం దాటకూడదు. నిల్వ పెట్టాలంటే 14 దగ్గరికి రావాలి, లేకపోతే బస్తా లోపల వేడెక్కి రంగు మారిపోతుంది. మిషన్‌లో అంకె చూసి రైతు మొహం చూడలేక తల దించుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. అందుకే ఆ కప్పు కింద నిలబడినప్పుడు, దాన్ని కట్టినవాళ్లు వాన గురించి ఎంత ఆలోచించారో నాకు ఒంటికి తెలిసినట్టు తెలిసింది. పెంకులు అంత నిటారుగా వాలి ఉండటం, చూరు అంత కిందికి దిగటం, గోడ పలకల సందుల్లోంచి గాలి ఆడటం, ఇవన్నీ పంట పొడిగా ఉంచడానికే.

ఇక సన్యాసుల సంగతి. సన్యాసులకి ఇంత ధాన్యం ఎందుకు అని మా అల్లుడే అడిగాడు. కాగ్గెషాల్ మఠాన్ని 1140లో ఇంగ్లండ్ రాజు స్టీఫెన్, రాణి మటిల్డా స్థాపించారు. 1147లో అది సిస్టెర్షియన్ శాఖలో కలిసింది. ఆ శాఖ 1098లో ఫ్రాన్స్‌లోని సీతో అనే చోట మొదలైంది. తెల్లటి అంగీలు వేసుకునేవాళ్లు. ఊళ్లకి దూరంగా ఉండాలి, తమ తిండి తామే పండించుకోవాలి, ప్రార్థనతో పాటు ఒళ్లొంచి పని చెయ్యాలి అన్నది వాళ్ల నియమం. అయితే రోజంతా ప్రార్థనల్లో ఉండే సన్యాసులతో సేద్యం సాగదు కాబట్టి, చదువు లేని రైతు కుటుంబాల మగవాళ్లని కూడా వ్రతం పట్టించి మఠంలో చేర్చుకునేవాళ్లు. దుక్కి, కోత, నూర్పు, గొర్రెల పెంపకం చాలావరకు వాళ్ల చేతుల మీదే నడిచేవి. మఠం సొంత సేద్యం జరిగే కమతాన్ని గ్రేంజ్ అంటారు. ఈ కొట్టు అలాంటి కమతానిది.

ఒక తేడా చెప్పాలి. ఇంగ్లండ్‌లో పాత కొట్టు కనబడితే చాలామంది దాన్ని పదో వంతు పన్ను కొట్టు అనేస్తారు. ఊరి రైతులు పండినదాంట్లో పదో వంతు చర్చికి కట్టాలి, అది దాచే కొట్లు వేరే ఉన్నాయి. ఇది అది కాదు. ఇది మఠం తన పొలంలో తాను పండించుకున్న పంటది. మనకైతే ఈ తేడా సులువుగా ఎక్కుతుంది. దేవుడి మాన్యం కౌలుకిచ్చి గింజలు కొలిపించుకోవడం ఒకటి, సొంతంగా దున్నించుకోవడం ఇంకొకటి. గుడి మాన్యాల కౌలు గింజలు కొలవడం చూసిన కుటుంబాలు మన జిల్లాలో చాలానే ఉన్నాయి కదా.

1538లో ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో దేశమంతటా మఠాల్ని రద్దు చేస్తున్నప్పుడు కాగ్గెషాల్ మఠం కూడా పోయింది. చర్చిని పడగొట్టేశారు. సన్యాసులు వెళ్లిపోయారు. కొట్టు మాత్రం మిగిలింది, ఎందుకంటే భూమి ఎవరి చేతికి వెళ్లినా పంట దాచుకోవాలి. తర్వాత నాలుగు వందల ఏళ్లు రైతులు దాన్ని కొట్టుగానే వాడారు. ఆ మఠంలో ప్రార్థనకి కట్టింది పోయి పంటకి కట్టింది నిలిచింది. ఈ సంగతి నన్ను చాలాసేపు వదల్లేదు.

మన శాలిహుండం వెళ్లినవాళ్లకి ఇంకో విషయం తడుతుంది. వంశధార ఒడ్డు కొండ మీద బౌద్ధ భిక్షువుల ఆరామం, 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చారు. అక్కడ ఇటుక స్తూపాలు, చైత్యాలు మిగిలాయి. మన ఎండకి, వానకి, చెదకి చెక్క నిలవదు. కాగ్గెషాల్‌లో ఇటుక కూడా ఉంది. రోమన్ల కాలం తర్వాత ఇంగ్లండ్‌లో మళ్లీ ఇటుక కాల్చి వాడిన మొదటి చోట్లలో ఈ మఠం ఒకటని చెప్తారు. కొట్టు నుంచి బ్లాక్‌వాటర్ అనే చిన్న నది వైపు నడిస్తే 1220 ప్రాంతంలో కట్టిన సెయింట్ నికొలస్ చాపెల్ కనబడుతుంది, దానిలో ఆ ఇటుకలు చూడొచ్చు. మఠం మిగిలిన భాగాలు ప్రైవేటు స్థలంలో ఉన్నాయి, దారి మీద నుంచి చూసి రావడమే.

ఇంటికి వచ్చాక ఫొటోలు మా ఊరి వడ్రంగి బావకి చూపించాను. పెద్దవాడు, తాటి దూలాల ఇళ్లు కట్టిన చెయ్యి. ఫోను చేతిలోకి తీసుకుని వేళ్లతో పెద్దది చేసి చూస్తూనే ఉన్నాడు. మొదటి ప్రశ్న నేను అనుకున్నదే: "ఏటి బావా, ఏడెనిమిది వందల ఏళ్లంటున్నావు, చెద పట్టలేదా?"

ఇంగ్లండ్ చలికి అక్కడ మనలాంటి చెద బతకదు. చెక్కని తొలిచే పురుగు ఒకటుంది, కానీ దానికి తడిసి మెత్తబడ్డ చెక్క కావాలి. కప్పు కారకుండా ఉంటే దాని బలం సాగదు. పైగా ఓక్ చేవ చాలా గట్టిది, అందులో ఉండే వగరు పదార్థం పురుగుని దగ్గరికి రానివ్వదు. ఇది చెప్పగానే బావకి అర్థమైంది. "అంతే మరి. ముదిరిన తాడి చేవ కూడా అంతే. లేత తాడి దూలం వేస్తే రెండేళ్లలో పిండి రాలిపోద్ది" అన్నాడు.

రెండో ప్రశ్న ఆ పగుళ్ల గురించి. వాళ్లు ఓక్‌ని పచ్చిగా ఉన్నప్పుడే చెక్కారని చెప్తే బావ నమ్మలేదు. "పచ్చి కర్రతో పని చేస్తే వంకర పోద్ది, అతుకులు వదిలేస్తాయి" అన్నాడు. మనం టేకు కోయించి ఆరబెట్టి, ఆరబెట్టి, అప్పుడు కదా తలుపు చేస్తాం. కానీ ఓక్ ఆరిపోయాక ఇనుములా బిగిసిపోతుంది, చేతి పనిముట్లు దిగవు. పైగా అంత లావు స్తంభం లోపలిదాకా ఆరాలంటే దశాబ్దాలు పడుతుంది. అందుకని నరికిన ఏడాదిలోపే చెక్కి నిలబెట్టేవాళ్లు. అది నిలబడ్డాక ఆరుతుంది, ఆరుతూ కుంచించుకుని పగులుతుంది. పగులు నిలువునా, నార వెంబడే వస్తుంది కాబట్టి బరువు మోయడానికి అడ్డం రాదు.

మరి అతుకులు వదలకుండా ఎలా? ఇక్కడే బావ లేచి కూర్చున్నాడు. ఒక చెక్క కొసని నాలుకలా చెక్కుతారు, ఇంకో చెక్కలో దానికి సరిపడా గాడి తొలుస్తారు. రెండింటికీ అడ్డంగా రంధ్రం వేసి చెక్క చీల దింపుతారు. అయితే నాలుకలో రంధ్రం, గాడి గోడల్లో రంధ్రం సరిగ్గా ఒకదాని ఎదురుగా ఒకటి వెయ్యరు. కావాలనే ఒక నూలు పక్కకి జరిపి వేస్తారు. ఎండిన ఓక్ చీలని సుత్తితో దింపినప్పుడు అది ఆ తేడాలో వంగి, నాలుకని లోపలికి లాగి బిగిస్తుంది. తర్వాత పచ్చి చెక్క ఆరి కుంచించుకున్నా చీల పట్టు వదలదు. మేకు అన్న మాటే లేదు. బావ ఇది రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "ఎవడో మంచి మొనగాడు బావా" అన్నాడు. ఒక వడ్రంగి ఇంకో వడ్రంగికి ఇచ్చిన ఆ మెచ్చుకోలు ఈ సమీక్షలో అన్నిటికన్నా విలువైన మాటని నేను అనుకుంటాను.

అంతటి కట్టడం నా యవ్వనంలో కూలిపోవడానికి సిద్ధంగా ఉండేదట. 1960ల దాకా వ్యవసాయానికి వాడి తర్వాత వదిలేశారు. 1970లు గడిచేసరికి పెంకులు పోయి, వాన లోపలికి దిగి, స్తంభాల కాళ్లు కుళ్లడం మొదలైంది. ఊరి జనం ఊరుకోలేదు, కలిసి ఉద్యమం చేశారు. చివరికి 1980ల మొదట్లో అక్కడి స్థానిక కౌన్సిల్, ప్రభుత్వానికున్న సేకరణ అధికారం వాడి కొట్టుని స్వాధీనం చేసుకుంది. మనం రోడ్లకీ కాలవలకీ భూసేకరణ విన్నాం. ఒక ధాన్యపు కొట్టుని కాపాడటానికి ఆ అధికారం వాడటం నేను అక్కడే విన్నాను. పాత చెక్క ఎంత పనికొస్తే అంత ఉంచి, కుళ్లిన ముక్క వరకే తీసి కొత్త ఓక్ అతికి, పాత పద్ధతిలోనే నిలబెట్టారు. 1989లో నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చింది. అది ప్రభుత్వ శాఖ కాదు, 1895లో పుట్టిన స్వచ్ఛంద సంస్థ, సభ్యుల చందాలతో నడుస్తుంది. కొత్త చెక్క ఎక్కడ, పాత చెక్క ఎక్కడ అన్నది దాచలేదు. రంగు తేడాతో ఎవరైనా గుర్తుపట్టొచ్చు. అలా దాచకుండా ఉంచడం నాకు చాలా నచ్చింది.

మన ఊళ్లలో పురులు పోయాయి. అది సహజమే, కోత మిషన్ నుంచి ధాన్యం నేరుగా బస్తాల్లోకి, బస్తాల్లోంచి మిల్లుకి వెళ్లిపోతుంటే పురి ఎవరు కడతారు? కానీ ఒక్క ఊళ్లోనైనా, ఒక్క స్కూలు ఆవరణలోనైనా, వెంటి పేనడం వచ్చిన పెద్దవాళ్లు ఉండగానే ఒక పురి కట్టించి పెట్టాలని నాకు గట్టిగా ఉంది. మా ఊరి పెద్దలతో మాట్లాడుతున్నాను. గడ్డి నేనిస్తానని ఒకరు అన్నారు.

ఇక వెళ్లేవాళ్లకి కావాల్సిన సంగతులు. సొంత కారు లేకపోతే లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి కెల్వడన్ స్టేషన్‌కి రైలు, సుమారు గంట. అక్కడి నుంచి కాగ్గెషాల్ నాలుగు కిలోమీటర్లు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు నడవాలని చూడకండి, టాక్సీ ముందే మాట్లాడుకోండి. కొల్చెస్టర్, బ్రెయిన్‌ట్రీ మధ్య తిరిగే బస్సు కూడా కాగ్గెషాల్ మీదుగా వెళ్తుంది, కానీ ఆదివారాలు నమ్ముకోవద్దు. కొట్టు ఏడాది పొడవునా రోజూ తెరిచి ఉండేది కాదు. ఏ రోజుల్లో తెరుస్తారో, టికెట్ ఎంతో నేషనల్ ట్రస్ట్ సైట్‌లో చూసుకుని బయల్దేరండి. పిల్లలకి ట్రస్ట్ సభ్యత్వం ఉంటే ఆ కార్డు పట్టుకెళ్లండి.

ఎండాకాలమైనా స్వెట్టర్ వేసుకోండి. లోపల బయటికన్నా చల్లగా ఉంటుంది, తలుపులు తెరిస్తే గాలి సూటిగా తగులుతుంది. ఎక్కాల్సిన మెట్లు లేవు కాబట్టి పెద్దవాళ్లకి ఇబ్బంది లేదు. మీ బ్యాగులో చిన్న టార్చి పెట్టుకుంటే వాసాల మూలల్లో అతుకులు బాగా కనబడతాయి. పాత వడ్రంగి పనిముట్లు, పాత వ్యవసాయ బళ్లు కూడా అక్కడ పెట్టారు. బండి చక్రం చుట్టూ ఇనప పట్టా ఎలా బిగించారో చూడండి, మన బండి చక్రానికి కమ్మరి చేసే పనే. వాలంటీర్లతో మాట్లాడటానికి మొహమాటపడొద్దు. ఇంగ్లీషు రాకపోతే పిల్లల చేత అడిగించండి. మీరు వ్యవసాయం చేసిన కుటుంబం అని చెప్తే వాళ్ల మొహం మారిపోతుంది. మా నూర్పు గురించి, పశువుల్ని బంతి కట్టి తొక్కించడం గురించి మా ఆవిడ చెప్తుంటే ఆ వాలంటీరు కాగితం తీసి రాసుకున్నాడు.

చెక్క మీద, పంట మీద ఆసక్తి లేనివాళ్లకి ఇది పావుగంటలో అయిపోతుంది, ఆ మాట ముందే చెప్తున్నాను. చిన్న పిల్లలకి ఆడుకునేవి పెద్దగా ఉండవు. అలాంటివాళ్లు కూడా వెంట ఉంటే ఊళ్లోనే పేకాక్స్ అనే ఇల్లుంది, 1509 ప్రాంతంలో బట్టల వ్యాపారి థామస్ పేకాక్ కట్టించుకున్నది. కాగ్గెషాల్ ఒకప్పుడు ఉన్ని బట్టకి పేరున్న ఊరు. ఆ ఇంటి ముందు భాగంలో చెక్క మీద చేసిన నగిషీ చూస్తే, కొట్టు కట్టిన చేతిపని రెండు వందల యాభై ఏళ్ల తర్వాత ఎంత సోకు నేర్చిందో తెలుస్తుంది. నాకు కొట్టే నచ్చింది, మా అమ్మాయికి ఆ ఇల్లు నచ్చింది. భోజనం మాత్రం ఇంటి నుంచి పట్టుకెళ్లండి. ఊళ్లో టీ దొరుకుతుంది గానీ, మధ్యాహ్నం దాటితే మనకి సరిపడే తిండి దొరకడం కష్టం. మేము పులిహోర తీసుకెళ్లాం.

ఓపిక ఉంటే అదే రోజు క్రెసింగ్ టెంపుల్ కూడా చూడొచ్చు, కారులో దగ్గరే. అది యుద్ధం చేసే సన్యాసులు, టెంప్లర్ల కమతం. అక్కడ ఒకటి కాదు, రెండు కొట్లు పక్కపక్కనే ఉన్నాయి. బార్లీ కొట్టు 13వ శతాబ్దం మొదట్లోది, గోధుమ కొట్టు ఆ శతాబ్దం చివరి సగంలోది. 1381లో పన్నుల భారం తట్టుకోలేక రైతులు తిరగబడ్డప్పుడు ఈ క్రెసింగ్ కమతం మీద పడి దోచుకున్నారు, అప్పటికి అది వేరే మఠవాసుల చేతిలో ఉంది. ఎవరి చెమటతో ఆ కొట్లు నిండాయో ఆ తిరుగుబాటు చెప్తుంది. ముందు కాగ్గెషాల్ చూసి తర్వాత అక్కడికి వెళ్లండి. ఒక కొట్టు ఎలా నిలబడిందో అర్థమయ్యాక, అక్కడి రెండింటి మధ్య వడ్రంగం ఎంత మారిందో మీకే కనబడుతుంది. మేము వెళ్లేసరికి ఆలస్యమైపోయింది, గోధుమ కొట్టుకి సమయం చాల్లేదు. మీరు మాత్రం పొద్దున్నే బయల్దేరండి.